అడుగు వరుస

బొమ్మలు ఎవరైనా చూస్తారు.
నేను ఆఖరి అట్ట అడుగున
చీమలబారులా పాకే ఆ ఒక్క వరుస చదువుతాను:
ముద్రణ ఎక్కడ, ప్రచురణ ఎవరు, వెల ఎంత.
ముప్పైరెండేళ్ళు తపాలా ఆఫీసులో
చేరని ఉత్తరాల బల్ల ముందు కూర్చున్నవాణ్ణి,
మొహాలు మరిచిపోతాను, డోర్ నంబర్లు మరవను.

నా దగ్గర పదకొండు పుస్తకాలున్నాయి.
పుదుప్పేట ఇనప తుక్కులో దొరికినవి రెండు,
తిరువల్లిక్కేణి పేవ్‌మెంటు మీద నాలుగు,
మిగతావి మూర్ మార్కెట్ నాటివి.
వాటికి పొగ వాసనంటుంది మా ఆవిడ.
అది తగలబడక ముందు కొన్నవాటికి పొగెక్కడిది?
చవక సిరా అది, ఇంకా ఆరలేదు.

ఇంగ్లీషు వారపత్రికలోంచి ఎత్తిన కథ.
పెన్నీలు చెరిపిన చోట తెల్ల మచ్చ,
మచ్చ మీద అరవై పైసలు.
తెగిన రెక్కతో అదే విమానం, అదే పైలట్,
ఒక పుస్తకంలో విల్సన్, ఇంకోదాంట్లో విజయ్.
లండన్లో బొమ్మగాడెవడో
వాళ్ళ మాటలకి సరిపడా బుడగలు గీశాడు.
మన ఒత్తులు కాళ్ళు చాపుకోవడానికి చోటేదీ?
"దిగ్బ్రాంతి" బుడగ చీల్చుకొని వచ్చి
శత్రువు టోపీ మీద కూచుంది.

ప్రచురణకర్తలు మాత్రం ఐదుగురు.
సిల్వర్ ఆరో బుక్స్. మణిమాల పబ్లికేషన్స్.
గోల్డెన్ మిస్ట్. లేడీ సుగుణ. తూఫాన్ అండ్ కో.
ఐదుగురికీ ఒకటే చిరునామా,
తంగసాల వీధి, రెండువందల పన్నెండు, వెనక మేడ.

నిన్న వెళ్ళాను.
ముందు స్టీలు గిన్నెల కొట్టు.
ఒక్కో గిన్నెలోంచి నా మొహం ఒక్కోలా సాగింది.
"పుస్తకాలా? ఇక్కడా?" అన్నాడు గల్లాపెట్టె కుర్రాడు,
తర్వాత ఏదో గుర్తొచ్చి, మెట్లకేసి గడ్డం ఎగరేశాడు,
"పాటి ఉంది, అడుగు."

మునిరత్నమ్మ. నాకన్నా ఆరేడేళ్ళు పెద్ద.
బ్లాకులు చేసే మేస్త్రీ కూతురు.
చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పింది:
"ఐదుగురెక్కడ నాయనా, ఒకడే, సింగరయ్య శెట్టి.
గిండీలో ఏ గుర్రం మీద పోగొట్టుకుంటే
కంపెనీకి దాని పేరు పెడతా ఉండె.
అప్పులోడు పాత పేరు అడగతా వస్తే
వాళ్ళు ఖాళీ చేసి పోయిరి అని మేమే చెప్తా ఉంటిమి."

అనుమతి? లండన్ కాగితాలు?
నవ్వింది. చిక్కుడు గింజ ఒకటి మెట్ల మీదుగా
కిందికి దొర్లిపోయింది.

"అక్షరాలు నేనే రాస్తా ఉంటిని, పాళీతో, పేజీకి రెండణాలు.
అణాలు పోయినా మా శెట్టి లెక్క అణాల్లోనే.
ఈ కథకి ఆఖరి పేజీ రాలే.
హార్బర్లో పార్సిల్ నిలిచిపోయె.
శనివారం పుస్తకం రావాల. శెట్టి నా తట్టు చూసె.
బొమ్మా నేనే గీస్తిని."

మరి అసలు కథలో?
"నెల పోయినాక వచ్చె పార్సిల్.
దాంట్లో అతను సముద్రంలో పోయినాడు.
నేను అప్పటికే మెరీనాలో దింపేసినా."

పుస్తకం తెరిచాను.
ఆఖరి చదరం: ఇసుక, వంగిన రెక్క,
కుడి మూలన, గోరంత కట్టుమరం.
తొమ్మిదేళ్ళప్పుడు సైదాపేట రేషన్ క్యూలో
ఆ కట్టుమరం చూసి
ఇంగ్లండులోనూ మనలాంటి జాలర్లే ఉంటారనుకున్నాను.
అరవై దాటేదాకా అలానే అనుకున్నాను.

అడుగు వరుసలో ఆవిడ పేరు లేదు.
ఉండాలని ఆవిడకీ లేదు.
కళ్ళజోడు తుడుచుకొని, పేజీలు వెనక్కి తిప్పి తిప్పి
శత్రువు టోపీ దగ్గర ఆగింది.
"అయ్యో, భకి వత్తు పెట్టలేదు చూడు నేను.
పెన్నుందా?"

ప్లాస్టిక్ తొడుగు లేకుండా
ఎవరికీ ముట్టనివ్వని పుస్తకం.
జేబు తడుముకున్నాను.