నూరు శాతం

దర్ఖాన్‌లో ఆ రాత్రి మైనస్ ముప్పై ఎనిమిది.
వేడినీళ్ళ కేంద్రం రెండో అంతస్తులో
సర్వరు గది ఒక్కటే వెచ్చగా ఉంది.

డిస్కు నిండిపోయింది. నూరు శాతం.
పదహారో బ్లాకు వాల్వులు మాట వినడం మానేశాయి.
అక్కడ నాలుగొందల కాపురాలు,
కిటికీ అద్దాలకి లోపలివైపే మంచు.

నేను చేసింది అందరూ చేసేదే.
అన్నిటికంటే బలిసిన లాగ్ ఫైలు వెతికి
ఒక్క వేటుతో తుడిచేశాను.
మళ్ళీ కొలిచాను. నూరు శాతం.
ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఫోన్లో దుల్మా నిద్రగొంతు:
"రీస్టార్ట్ చేశావా?"
"ఇంకా లేదు."
"బతికించావు. ఆ ముసలి పెట్టె ఒకసారి ఆరితే
తెల్లారేదాకా లేవదు. బయల్దేరుతున్నా.
ఈలోగా దేన్నీ ముట్టుకోకు.
ముట్టుకున్నవన్నీ కాగితం మీద పెట్టు,
వరసగా, సిగ్గుపడకుండా."

పదకొండు పంక్తులు వచ్చాయి.
అందులో మూడు ఎందుకు చేశానో నాకే తెలీదు.

ఫెల్టు బూట్లు దులుపుకుంటూ వచ్చింది,
చంకలో ఉప్పుటీ ఫ్లాస్కు.
తెర వైపు చూడలేదు, ముందు కాగితమే చదివింది.
"నువ్వు తీసేసింది పేరొక్కటే.
ఫైలుని ఎవరో ఇంకా పట్టుకునే ఉన్నారు.
ఆ చెయ్యి వదిలేదాకా చోటు తిరిగి రాదు."

తెరిచి ఉన్న ఫైళ్ళ జాబితా తీసింది, వేలితో కిందికి జరుపుకుంటూ.
దొరికింది: బాయిలరు ఒత్తిడి చదివే చిన్న ప్రోగ్రాము,
తొమ్మిదొందల రోజులుగా ఆగకుండా
సెకనుకో పంక్తి,
ఇప్పుడు పేరు కూడా లేని ఫైల్లోకి.
నడుపుతున్నవాడు: గన్‌సుఖ్.

గన్‌సుఖ్ పోయి రెండేళ్ళు.
నేనతన్ని చూడలేదు. ఈ కుర్చీ అతనిదట.

దుల్మా ఫ్లాస్కు మూత తిప్పింది,
పోసుకోకుండానే మళ్ళీ బిగించింది.
తర్వాత ఆ ఒక్కదాన్నే ఆపి, మళ్ళీ లేపింది.

అరవై ఒకటి శాతం.
గోడలోపల ఎక్కడో గొట్టం దగ్గి,
గొంతు సవరించుకుని, పారడం మొదలెట్టింది.

"లాగుల్ని వారానికోసారి మడిచి పక్కన పెట్టించు.
తొంభై దాటకముందే అరిచేలా గంట కట్టు."
"అతని ఖాతా మూసెయ్యనా?"
"రేపు. దానికి ఇంకా ఏమేం వేలాడుతున్నాయో చూశాక."
ఆ రేపు అన్న మాట
చాలాసార్లు వాడిన మాటలా నలిగి ఉంది.

నా కాగితం తీసుకుని పన్నెండో పంక్తి తనే రాసింది:
మూడూ నలభై. ఒత్తిడి ప్రోగ్రాము మళ్ళీ మొదలు.
బాధ్యులు, అని రాసి,
పెన్ను కాసేపు గాల్లో ఉంచి
నాకు ఇచ్చేసింది.