ఆదివారం పేజీ

మా విడిన్‌లో పోయినవాళ్ళ ముఖాలు
తలుపుల మీద ఉంటాయి.
నలభయ్యో రోజుకు ఒక కాగితం, ఆరు నెలలకొకటి,
ఏడాదికొకటి.
ఫొటో, పేరు, రెండు ముక్కలు, నాలుగు మూలలా టేపు.
బస్టాపు స్తంభం దగ్గర
ఎదురింటివాళ్ళ చనిపోయినాయన మీదుగా
మన చనిపోయినాయన.

రేపటికి బ్లాగోయ్ పోయి ఏడాది.
ఇరవై కాగితాలు కావాలి నాకు.
ప్రింటర్ గురగురలాడింది, కాగితం మింగింది,
తెల్లగానే తిరిగి ఇచ్చింది.
మరీ తెల్లగా కాదులెండి,
పైన సిలువ ఉండాల్సిన చోట
పిల్లి గీరినట్టు మూడు గీతలు.

నల్ల ఇంకు సగానికి ఉందని తెర చెబుతోంది.
ఉన్నది రాదు, రానిది ఉందంటుంది.
దానికి తలంటు పోసే బటన్ ఒకటుంటే
నొక్కాను. మళ్ళీ నొక్కాను.
నాలుగోసారికి సగం కాస్తా పావైంది.

"ఆపండి ఇంక," అన్నాడు పై అంతస్తు స్టామెన్,
నలభై ఏళ్ళు ఊరందరికీ పళ్ళ సెట్లు చేసిన మనిషి.
"నొక్కినప్పుడల్లా అది ఇంకు తాగి
అడుగున స్పాంజిలోకి ఉమ్మేస్తుంది."
సిరంజి తెచ్చాడు,
ఇస్త్రీపెట్టెలో పోసే నీళ్ళు తెచ్చాడు.
పసిపిల్ల స్నానానికి చూసినట్టు
మణికట్టు మీద చుక్క వేసి వేడి చూశాడు.
కాఫీ వడగట్టే కాగితం మడిచి, తడిపి,
దాని నోటి కింద పరిచాడు.
"లాగితే విరుగుతుంది. నానితే అదే వదులుతుంది.
ఎన్నాళ్ళయింది వాడి?"

ఆరు నెలలు.
ఆరు నెలల కాగితమే దీని ఆఖరి మాట.

బ్లాగోయ్‌కి తెలుసు, గొంతు ఆరిపోతుందని.
ప్రతి ఆదివారం ఒక పేజీ తీసేవాడు.
తవ్వోడ మీద మెకానిక్కు కదా, ఏం తీస్తాడు,
డాన్యూబ్ నీటిమట్టాలు.
నోవో సెలో నీలం, లోమ్ ఎరుపు,
ఒర్యాహొవో పసుపు, స్విష్తోవ్ నలుపు,
ఒక్క రంగూ అలగకుండా.
కాగితం దండగ అని నేను సణిగేదాన్ని,
వెనకవైపు సరుకుల జాబితా రాసుకునేదాన్ని.
ఎన్ని వరదల్ని చేతిసంచిలో పెట్టుకుని
బజారుకు వెళ్ళానో.

రాత్రి పదకొండుకి కాగితం మీద
బూడిదరంగు మరక.
ఒంటిగంటకి నేరేడుపండు చిదిమినట్టు.
నా వేళ్ళు, సింకు, తువ్వాలు,
స్టామెన్ ముక్కు కొన.
పరీక్ష పేజీలో నల్ల మెట్లు ఒక్కొక్కటే మొలిచాయి.
నాలుగింటికి ఒక్కటే తక్కువ.

"ఇంకోసారి కడిగితే అదీ వస్తుంది," అన్నాడు,
"కానీ ఇరవైకి ఇంకు చాలదు."

వద్దన్నాను.
ఇరవై కాగితాలు వచ్చాయి.
ఇరవైలోనూ మీసం మీదుగా
సన్నని తెల్లగీత, ఒకేచోట.
ఉన్నన్నాళ్ళూ ఈయన
ఒక్కనాడూ సరిగా గడ్డం గీసుకోలేదు.
నవ్వొచ్చింది. స్టామెన్ చూడకుండా
టేపు కోసం వంగాను.

తెల్లారాక మా తలుపుకి ఒకటి,
బస్టాపుకి, రేవు గోడకి.
రొట్టెల కొట్టు పెన్కా కళ్ళద్దాలు పైకెత్తి
చాలాసేపు చూసింది.
"మీసం మధ్యలో పాపిడేంటే?"
"ప్రింటరే తీసింది," అన్నాను.
వేడి రొట్టె చేతిలో పెట్టింది. డబ్బు తీసుకోలేదు.

ఆదివారం వచ్చింది.
చేతులు కట్టుకుని దాని ముందు కూర్చున్నాను.
వేయడానికి ఏమీ లేదు.
ఎవరూ పోలేదు, ఎవరికీ ఏడాది కాలేదు.
సరే అని నదిని అడిగాను.
నోవో సెలో దగ్గర మూడు వందల పన్నెండు,
నిన్నటికంటే నాలుగు తగ్గింది.
నీలం వచ్చింది, ఎరుపు వచ్చింది,
పసుపు ఎప్పటిలాగే వచ్చిందో లేదో తెలియనట్టు.
నలుపులో ఆ గీత అలాగే ఉంది.

ఆరనిచ్చి,
వెనక్కి తిప్పి రాసుకున్నాను:
తెల్ల జున్ను. బల్బు. నల్ల ఇంకు.
స్టామెన్‌కి కొత్త సిరంజి.