లోపలి గడియ

బెంగళూరు, వర్తూరు దాటాక
పద్నాలుగు అంతస్తులు లేస్తున్న చోట
మా రేకుల షెడ్డు.
గుజిరీ కొట్లో కిలో లెక్కన కొన్న పుస్తకం,
అట్ట లేదు, పేరు లేదు,
రాత్రిపూట అమ్మకు చదివి వినిపిస్తున్నా.

కథలో ఒక పేదతల్లి
ఉన్న గంజి పిల్లలకు పోసి
కప్పు చిల్లులోంచి చందమామను చూసి
తృప్తిగా నవ్వింది.

"నిలుపు" అంది మాయమ్మ సుంకమ్మ
గోళ్లలో సిమెంటు గీక్కుంటా.
"చిల్లుంటే చందమామొక్కటే వస్తాదా?
వాన రాదా?
ఆయమ్మకి ఏమన్నా కావాలేమోనని
రాసినాయప్ప అడగనే లేదా?"

నీకేం కావాలమ్మా అన్నా.
ఇల్లంటుందనుకున్నా.

చానాసేపటికి చెప్పింది.
పన్నెండో అంతస్తులో
నిన్న తాను టైల్స్ మోసిన బాత్రూము లాంటిది,
దానికి లోపల ఒక గడియ.
"ఏసుకోని, నీళ్లు పోసుకున్యాక గూడా
కొంచేపు ఊరికే నిలబడాల.
ఎవురూ తలుపు కొట్టగూడదు."

పేదతల్లి నవ్వు పక్కన
తెల్లగా మిగిలిన అంచు మీద
పెన్సిలుతో గడియ గీశా.

అమ్మ బుడ్డి దీపం దగ్గరికి జరిపి
వంగి చూసింది.
"ఇది
యా పక్కుండాది?"