రెండు గంటలు

మక్తల్ బస్సుల ఇరవైతొమ్మిదేండ్లు.
నేను కూసున్నది తక్కువ.
దేవరకద్ర దాటితే నిలవడ జాగ ఉండకపోయేది,
టికెట్ల సంచి సంకకు, రెండు కాళ్ళు ఎడంగ పెట్టి
మరికల్ కాడ మలుపులన్ని నడుముతోనే కాసుకునేటోన్ని.
దాన్ని కసరత్తని ఎవలనలే.
డ్యూటీ అన్నరు.

రిటైరైనంక కుర్చి దొరికింది.
కుర్చి మంచిదే. కని నాలుగేండ్లల్ల
పిక్కలు ఎండిన బీరకాయలైనయి.
మొన్న బాత్రూంల జారబోయి గోడకు చెయ్యి ఆనిస్తే
మణికట్టు పుటుక్కుమన్నది.
ఎక్స్‌రే వెలుతురుకు పట్టి
"లోపల జల్లెడైంది కుర్మన్నా" అన్నడు డాక్టరు.

పట్టి ఇప్పినంక పెద్దదవాఖానల
కసరత్తు గదికి తోలిన్రు.
అక్కడి పిల్ల పేరు నౌషీన్.
చేతులు ఆనకుండ కుర్చిల నుంచి లెవ్వమన్నది, పదిసార్లు.
నాలుగుకే నా తొడలు
హోల్డాన్ అన్నయి.

"కండ అంటె ఉత్త మోసేది కాదు తాతా,
కదిలినప్పుడు నెత్తుట్లకు ఒక మందు ఇడుస్తది,
అది ఎముక దాక పోయి మాట్లాడ్తది."
పేరు సుత చెప్పింది. ఐరిసిన్.
నాకు ఇరుసు అని ఇనవడ్డది.
నవ్వింది పిల్ల.
నేను చీటి మీద ఇరుసనే రాసుకున్న.

"ఖాయమేనా?" అన్న.
"ఎలుకలల్ల బాగ చూసిన్రు. మనుషులల్ల ఇంక చూస్తనే ఉన్నరు.
కని లేశి కూసున్నది దండుగ పోదు."
అబద్ధం చెప్పకపోవుడు నచ్చింది నాకు.

రాత్రి నిద్ర పట్టక
గంట తాడు యాదికొచ్చింది.
వెనక డోరు కాడ నేను గుంజితే
ఎక్కడో ముందట, మూటల అవతల, మేకపిల్ల అవతల,
నా మొఖం చూడకుండనే
ఖాజామియాకు తెలిసేది
ఒకటైతే ఆగుమని, రెండైతే పొమ్మని.
మేమిద్దరం మాట్లాడుకున్నది ఎక్కువ ఆ తాడుతోనే.

తొడకూ ఎముకకూ నడుమ గసుంటి తాడే ఉన్నదేమో.
నాలుగేండ్లు నేను గుంజలే.
ఎముక పాపం స్టాపుల నిలవడి నిలవడి
ఇంజన్ బందు చేసి
సామాన్లు ఒక్కొక్కటి ఇప్పి అమ్ముకున్నది.

పోతుంటె ఇంకో మాట చెప్పింది నౌషీన్:
ఎముక సుత కండకు తిరిగి కబురు తోలుతదంట.
అంటె, డ్రైవరు హారన్ కొట్టినట్టు.

ఇయ్యాల పొద్దుగాల మెట్టుగడ్డ కాడ
ఖాజామియా ఇంటికి పోయిన, నడుసుకుంటనే.
మోకాళ్ళు పట్టుకుని మంచంల కూసున్నడు.
రెండు కుర్చీలు ఎదురెదురు ఏసిన.
"ఏంది భాయ్ ఇది" అన్నడు.
"లాస్ట్ ట్రిప్పు కాదు, లెవ్వు" అన్న.
లేశినం. కూసున్నం. లేశినం.
ఆరుకు ఆగినం, ఇద్దరం దమ్ము పట్టుకోని.
కిటికీల స్టీలు గ్లాసు ఉండె,
చెంచాతోని కొట్టిన
రెండు సార్లు.