తేడా రెండు

జ్ఞానాపురంలో, చర్చి వెనక మూడో సందు.
గూడ్సు బండి పోయినప్పుడల్లా
గోడమీది క్యాలెండరు ఒకసారి ఊపిరి పీల్చుకునే ఇల్లు.
గాజు జాడీలు మూడు, కుళాయి బిగించిన స్టీలు డేగిసా,
రబ్బరు గొట్టం, డబ్బా నిండా బిరడాలు
చాపమీద పరిచి
"సూసుకో బాబూ" అంది ఆరోగ్యమ్మ.
అని, తను చూడ్డం మానేసింది.

నేను ఇంట్లోనే లెక్క కట్టుకుని వచ్చాను.
కొత్తదైతే పదివేలు. వాడిందైతే సగం.
పన్నెండేళ్లు వాడారంటే సగంలో సగం.
డేగిసాకి నొక్కు, రెండొందలు కొయ్యి.
కుళాయి మరలో తుప్పు;
ఈ ఊరి గాలికి గేటూ కిటికీ ఊచా
ఎదుటివాడికిచ్చిన మాటా, ఏదీ తుప్పుకి ఆగదు గనక
జాలిపడి, వందే.

జాడీల్ని గోటితో కొట్టి చూశాను.
ఒకటి ఖంగుమంది.
రెండోదీ ఖంగుమంది.
మూడోది దగ్గింది.

"అది ఒగ్గెయ్" అంది లోపలి గది.
"హుద్‌హుద్ నాడు బల్లమీంచి దొర్లింది.
కంటికి కనబడదు, సారా పోస్తే తెలుస్తాది.
డేగిసాకి అడుగున నొక్కుంది, సూసేవా?
కుళాయి కూడా మార్చాల."

శౌరి.
షిప్‌యార్డులో ముప్పయ్యొక్క ఏళ్లు
వెల్డింగు వెలుగు తాగిన కళ్లు.
ఇప్పుడు గీతలు కనబడవు, అంకెలు కనబడవు.
అందుకే అమ్మకం.
నేను దాచుకున్న వంకలన్నీ
ఆయనే ఒకటొకటిగా చాపమీద పెట్టేశాడు.
నా చేతిలో ఇంకేం మిగల్లేదు, ఒక్క గాజుపుల్ల తప్ప.

పాలలో నీళ్లు పట్టించే పుల్లలాంటిదే అది,
ద్రాక్షరసంలో తీపి ఎంత మిగిలిందో చెబుతుంది.
గొట్టంలో మంచినీళ్లు పోసి వదిలాను.
వెయ్యి దగ్గర ఆగాలి.
ఒకసారి మునిగి, తేలి, తల ఊపి
వెయ్యిన్నీ రెండు దగ్గర నిలబడింది.
"పుల్ల తప్పు చూపిస్తోందండీ" అన్నాను,
ధర దించే గొంతుతో.

"తేడా రెండు" అంది లోపలి గది.
"మొదట్నించీ అంతే. రెండు తీసేసి రాసుకోవాల.
పుస్తకం దాంతోపాటే ఇచ్చీ, ఆరోగ్యం."

షిప్‌యార్డు డైరీ. అట్ట ఊడింది.
'నల్ల ద్రాక్ష నాలుగు కేజీలు, పూర్ణా మార్కెట్టు.
గోధుమలు గుప్పెడు. పులుపెక్కువ. ఫాదరుగారికి వద్దు.'
'నేరేడు, పాడేరు సంత. రంగు అదిరింది.'
ఇంకో పేజీలో ఒకటే ముక్క:
'ఆరోగ్యం బాగుందంది.'
ఒంట్లో నలతగా ఉండేదేమో అనుకున్నాను,
ఎదురుగా నిలబడ్డ మనిషి పేరు గుర్తొచ్చేదాకా.
చివరి మూడేళ్లూ ఆవిడ చేతిరాత,
కొంచెం పెద్ద అక్షరాలు,
ఎవరైనా చదవగలరేమోనని.

పుస్తకానికి నా లెక్కలో గడి లేదు.
పగుళ్ల జాడీ పోను, పద్ధెనిమిది వందలు తేలింది.

"పదిహేనొందలియ్యి" అన్నాడాయన.

నేను మూడొందలు ఎక్కువిద్దామనే వచ్చినవాణ్ణి.
జేబులో నోట్లు విడివిడిగా మడిచి మరీ ఉన్నాయి.
కానీ నోటికి ఒక అలవాటుంది,
కూరగాయల బండి దగ్గరా, ఆటో దగ్గరా,
కాళ్లకన్నా ముందు నడిచే అలవాటు.
"పన్నెండు చేసుకోండి" అంది.

గూడ్సు బండి వచ్చింది.
చాలా పెట్టెలు.
క్యాలెండరు కొట్టుకుంటూనే ఉంది.
పోయాక, "సర్లే, ఇచ్చీ" అని వినబడింది.
ఆరోగ్యమ్మ డబ్బు లెక్కపెట్టలేదు.
జాడీలకి పాత చీర చుట్టింది,
పగిలినదానికి కూడా.

కాన్వెంటు జంక్షన్ దగ్గర లారీల మధ్య ఆటో ఆగితే
ఒళ్లో జాడీలు ఒకదానికొకటి తగిలి
రెండు ఖంగుమన్నాయి.
మూడోది ఎందుకు తెచ్చుకున్నానో.

పుల్లకి తేడా రెండు. అది తెలిసిన సంగతి.
నాకెంతో
ఎవరూ నీళ్లలో వేసి చూడలేదు.

ఆదివారం పూర్ణా మార్కెట్టుకి వెళ్లాను.
ఇంటికొచ్చి ఆవిడ రాసిన చివరి వరస కింద రాశాను:
నల్ల ద్రాక్ష నాలుగు కేజీలు.
గోధుమలు గుప్పెడు.
కిలో తొంభై అన్నాడు.
బేరం ఆడలేదు.