మూడో భాగం

సాలిగ్రామంలో ఆ స్టూడియో మెట్లెక్కేసరికి పదిన్నర.
ముందు ఏసీ ఆడింది, తర్వాత తెర వెలిగింది.
"ఒకటీ రెండూ చూశారా మేడమ్?" అన్నాడు ఇళంగో
అద్దం అవతలినుంచి, వచ్చీరాని తెలుగులో.
లేదన్నాను.
"పరవాలేదు. కొత్తవాళ్లకి కూడా అర్థమవుతుందంట."

మూడు నిమిషాల్లో తేలిపోయింది.
ఎవరో ఆకాశంలోంచి ఊడిపడ్డాడు.
ఎవరో "మళ్లీ నువ్వా!" అన్నారు.
ఆ 'మళ్లీ' నా దగ్గర లేదు.
నాకంతా మొదటిసారే: ఆ నీలిరాయి, సగం విరిగిన వంతెన,
పేరెత్తితే చాలు అందరూ తలదించుకునే
ఆ చచ్చిపోయిన కుర్రాడు.
దారి తప్పి వేరేవాళ్ల పెళ్లి బంతిలో కూర్చున్నట్టు
ఎవరు పలకరించినా నవ్వుతూ
విస్తరి ముందు సర్దుకున్నాను.

నా పాత్ర ఒక ముసలిది. ఇంటి ఓనరు.
మొదటి భాగంలో హీరోని అద్దె కోసం పీడించిందట,
రెండో భాగంలో నీళ్ల ట్యాంకు వెనక దాచిందట.
ఇప్పుడు మేడమీద నిలబడి
"వెళ్లిరా నాయనా, తాళం నా దగ్గరే ఉంటుంది" అనాలి.
అంతే. పదకొండు సెకన్లు.

ముసుగున్నవాడికి గొంతివ్వడం తేలిక.
పెదాలు కనపడవు, ఏం చెప్పినా చెల్లుతుంది.
పొద్దున బాబ్జీ మిరపకాయ బజ్జీ చేత్తో పట్టుకునే
లోకాన్ని కాపాడి వెళ్లిపోయాడు.
నా ముసలిదానికి ముసుగెక్కడిది?
పై పెదవి, కింది పెదవి, మధ్య ఒక కట్టుడుపన్ను,
అంతా తెర నిండా.
వాళ్ల భాషలో నోరు మూసుకున్నచోట
మన భాషలో ఒక 'బ' దొరకాలి, కనీసం ఒక 'ప'.
భుజంగరావుగారు కళ్లజోడు నుదుటికెత్తి
'వెళ్లిరా నాయనా' కొట్టేసి
'పోయిరా బాబూ' అని రాశారు.
మూసిన నోటికి మూసిన నోరు కలిసింది.
ఎందుకు పొమ్మంటోందో అదొక్కటే కలవలేదు.

సరే, ఏడ్చాను. మనకి తెలియనిచోట
ఏడిస్తే ఎప్పుడూ తప్పు పోదు.
"తక్కువమ్మా, తక్కువ" అన్నాడు ఇళంగో.
"కొడుకు పోయినప్పుడే ఈమె ఏడవలేదు, రెండో పార్టులో."

కొడుకా?
ఆ కుర్రాడు ఈమె కొడుకా?

అతను బటన్ మీద వేలు తీసేసి
కాసేపు నావంక చూశాడు.
"ఒన్ మోర్ పోదామా?"
ఈసారి గొంతులో ఏమీ పెట్టకుండా చెప్పాను,
పాలవాడికి లెక్క చెప్పినట్టు.
ఓకే అయింది.

డైలాగు చివర ఆమె చిన్నగా నవ్వుతుంది.
నేను మైకు దగ్గరికి జరిగాను.
"నవ్వు వద్దు మేడమ్. నవ్వు పాతదే వాడుతున్నాం,
వకుళమ్మగారిది, ఫస్ట్ పార్టు నుంచి."
హెడ్‌ఫోన్‌లో వినిపించాడు.
ఒకే నోట్లో మాట నాదీ, నవ్వు ఆవిడదీ.
అతుకు కోసం మూడుసార్లు విన్నాను, దొరకలేదు.

సాయంత్రం వెస్ట్ మాంబళం.
రెండో అంతస్తు, గుమ్మంలో తడి చెప్పులు.
ఆషాఢంలో ఆపరేషనయ్యాక
వకుళమ్మగారు మెడకి తెల్లటి నూలు పంచె ముక్క
చుట్టుకునే ఉంటున్నారు.
కాఫీ ఇచ్చి, పొయ్యి కట్టేసి వచ్చి కూర్చున్నారు.
"అసలేం జరిగిందండీ మొదటి రెండిట్లో?" అన్నాను.
"మీరు మొదటినుంచీ ఉన్నారు కదా."

మందుల చీటీ వెనక రాశారు, గుండ్రటి అక్షరాలు:
'నాకేం తెలుసే. నా ముక్కలే చూపించేవాళ్లు.
హాల్లో చూద్దామంటే ఇక్కడంతా అరవంలోనే ఆడుతుంది.'
పెన్ను ఎత్తారు. మళ్లీ దించారు.
'వాడు బతికే ఉన్నాడా?'

ఏ వాడో అడగలేదు.
ఉన్నాడన్నాను.
మేడమీదనుంచి ఎగిరి వెళ్లాడనీ,
తాళం మన దగ్గరే పెట్టాడనీ చెప్పాను.

ఆవిడ నవ్వారు. భుజాలు కదిలాయి,
గ్లాసులో కాఫీ కదిలింది.
శబ్దం మాత్రం రాలేదు.
అది సాలిగ్రామంలో, ఇళంగో దగ్గరుంది.