పుట్టిన చోటు

ఫర్వానియా. రాత్రి డ్యూటీ.
మైనం దిమ్మెను మంచుపలక మీద బోర్లించి
మైక్రోటోమ్ పిడి తిప్పుతాను.
ఉల్లిపొర కన్నా పలచగా
ఓబులేసు ఎడమ చెంప
గోరువెచ్చని నీళ్ళ మీద తేలుతుంది.

వయసు అరవై రెండు.
వఫ్రా తోటల్లో టమాటా పని, ఇరవై ఏడేళ్ళు.
పుట్టిన చోటు: బుల్లంబేట.
అరబ్బీలో 'ప' లేదు కదా,
మా పుల్లంపేట ఇక్కడికొచ్చి నోరు మార్చుకుంది.

నొప్పే లేదన్నాడంట.
రంజాన్‌లో రేగుపండంత, ఊదారంగు.
బక్రీదుకి ఉసిరికాయ.

అద్దం కింద
నీలం కణాలు, క్యాంపు గదిలో మంచాల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని,
కేంద్రకాల్లో ఉప్పూ మిరియం చల్లినట్టు.
రంగు పట్టిస్తే పక్కనే ఒక గోధుమ చుక్క.
డాక్టర్ మునీరా తల ఎత్తకుండానే అంది: మెర్కెల్.

మెర్కెల్ కణమంటే తాకిడి తెలిసిన కణం.
కాయేదో పండేదో వేలికి చెప్పేది.
దాని పేరే ఈ గడ్డకీ పెట్టారు
గానీ ఆ కణం చీలదు, పిల్లల్ని కనదు.
మరి ఇంత సంతానం ఎవరిది?
చర్మం అడుగున మేలుకున్న మూలకణానిదా,
దారి తప్పిన నెత్తుటి కణానిదా,
కింది పొరలో నార అల్లే కణానిదా?
"ఇంకా తగువే," అంది మునీరా. టీ చల్లారిపోయింది.

వైరస్ సంగతి కొంత తెలుసు.
నా మెడ మీదా ఉండొచ్చు, మునీరా నుదుటి మీదా.
పసితనంలోనే అంటుకునే చుట్టం,
చాలామందిలో ఊరికే పడి ఉంటుంది.
ఈ చెంపలో మాత్రం, ఏ మధ్యాహ్నమో,
కణం రాతలోకి దూరింది.
ఆ దూరడంలో తన ఒళ్ళే తెగింది,
ఇక తనలాంటిదాన్ని కనలేదు, బయటికి పోలేదు.
మిగిలిన ముక్క ఒకటే మాట నసుగుతుంది:
రెండు కా. రెండు కా.

ఇక్కడ నాకొక పోలిక తట్టింది.
కొట్టేశాను.
ఓబులేసు దేనికీ పోలిక కాదు.
పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉండటం వేరే రోగం.

మూలకణం అన్న చోట 'తెలియదు'.
నా చేతిలో ఉన్నది ఒక్కటే,
బు కొట్టేసి పక్కన తెలుగులో పు.

గురువారం వచ్చాడు, చెంపకి కట్టు, చేతిలో సంచి.
"యాడ్నుంచి వచ్చిందిమే ఇది?"
నేను చెప్పేలోపే
సంచిలోంచి ఒక్కోటీ బొటనవేలితో నొక్కి చూసి
ఒకటి ఏరి ఇచ్చాడు.
గ్లౌజు తీసి పట్టుకున్నాను.
పండింది.